ఏదమ్మ కాల్చిన అనాసముక్కలు

అనగనగా ఒక సాయంత్రం. ఎండ తగ్గింది గాని వడగాలి తగ్గలేదు. టేకుచెట్లు ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడ్డాయి. ఆ టేకు అడవిలో, వాగుకు కాస్త ఎగువన, ఒక ముళ్ళపంది తన బొరియ ముందు కూర్చుని అనాసపండు ముక్కలు చేస్తోంది.

ఆమె పేరు ఏదమ్మ. ముగ్గురు పిల్లల తల్లి. పెద్దపిల్ల పేరు సూది. నడిమివాడు దబ్బనం. కడగొట్టుది గుండుసూది. ఎండకు సోలిపోయి ముగ్గురూ బొరియలో నిద్రపోతున్నారు. లేచారంటే పండు మిగలదని ఏదమ్మ చప్పుడు చేయకుండా పని చేసుకుంటోంది.

ఆ రోజు ఆమె ఇంట విందు.

ఆ అడవిలో ఒక అలవాటు ఉంది. వేసవిలో ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో సాయంత్రం ఇరుగుపొరుగును పిలుస్తారు. పెద్ద భోజనమేమీ ఉండదు. చల్లబడే వేళ కూర్చుని కబుర్లాడుకుంటూ తినే చిరుతిండి ఏదో ఒకటి పెడతారు. పిలిచినవాళ్ళు వాగు దాకా ఎదురెళ్ళాలి. కాళ్ళకు నీళ్ళివ్వాలి. వెంటబెట్టుకుని ఇంటికి తీసుకురావాలి. అది మర్యాద.

పోయిన ఏడు తన వంతు వచ్చినప్పుడు ఏదమ్మ దుంపలు ఉడకబెట్టింది. పిల్లలు మరీ చిన్నవాళ్ళు, చేతులు ఆడలేదు. తాబేలు తాతయ్య ఆకులు కడిగాడు. అడవిగేదె గౌరక్క నీళ్ళు మోసింది. అందరూ తిన్నారు, నవ్వుకున్నారు, వెళ్ళారు. మర్నాడు పునుగుపిల్లి కస్తూరమ్మ అన్న మాట ఒకటి ఆ నోటా ఈ నోటా ఏదమ్మ చెవిన పడింది.

"ఏదమ్మ ఇంటికి పిలుపొస్తే నడుం కట్టుకుని వెళ్ళాలి. ముందు పని, తరవాతే తిండి" అందట.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఒంటినిండా ముళ్ళున్న ఏదమ్మకే గుచ్చుకుందంటే చూడండి. ఈసారి వచ్చినవాళ్ళ చేత పుల్ల కూడా ముట్టించకూడదని ఆ రోజే అనుకుంది.

అందుకని వంటకం కూడా అలాంటిదే ఎంచుకుంది. చూడ్డానికి గొప్పగా ఉండాలి, చేయడానికి తేలిగ్గా ఉండాలి. గౌరక్క ఇచ్చిన పాలు ముందురోజే కాచి, నిమ్మకాయ పిండి విరగ్గొట్టింది. విరిగిన పాలను అరటాకులో మూటగట్టి బండరాయి కింద పెట్టింది. తెల్లారేసరికి గట్టి జున్ను తయారైంది.

ఇక గుచ్చడానికి పుల్లలు కావాలి. వాటికోసం వెతుక్కునే పని లేదు. తన ఒంటి నుంచి రాలిన ముళ్ళే ఏరి, ఇసుకతో తోమి, వాగులో కడిగింది. ఒక్కో ముల్లుకు ఒక అనాసముక్క, ఒక జున్నుముక్క, మళ్ళీ ఒక అనాసముక్క. నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. అంచులు ఎర్రబడ్డాక ఒక చుక్క తేనె, చిటికెడు మిరియాల పొడి. అంతే.

మొదటి ముక్క తనే రుచి చూసింది. అనాసలో పులుపు తగ్గి తీపి పైకి తేలింది. జున్ను బయట కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది. ఏదమ్మకు నవ్వొచ్చింది. ఈసారి కస్తూరమ్మ ఏమంటుందో చూద్దాం అనుకుంది.

నిప్పు ఎక్కడిదంటారా? తేనె పట్టేవాళ్ళు వదిలి వెళ్ళిన పొయ్యిలోంచి కుండపెంకులో తెచ్చుకుంది. వాగు ఒడ్డున ఇసుకలో పెడితే ఏ భయమూ ఉండదు. ఆ సంగతి ఏదమ్మకు తెలుసు. కానీ అతిథుల కళ్ళెదుట చెమటలు కక్కుతూ వండితే ఏం బాగుంటుంది? అందుకని ఒక పెద్ద బండ చాటున, బొరియ పక్కనే, మూడు రాళ్ళు పెట్టింది. చుట్టూ మోకాలి లోతు ఎండుటాకులు. పొయ్యి మేరకు, బొరియ వాకిలి మేరకు మాత్రం ఊడ్చింది.

మొదట వచ్చింది తాబేలు తాతయ్య. మొన్ననగా బయల్దేరాడు కాబట్టి అందరికన్నా ముందు చేరాడు. ముల్లు నిప్పుల మీద ఉండగానే ఏదమ్మ వాగుకు పరిగెత్తింది. కాళ్ళు కడిగింది. ఆయన నడకకు తగ్గట్టు నడుస్తూ, మనసంతా పొయ్యి మీద పెట్టుకుని, ఎలాగో ఇంటికి తెచ్చింది. అప్పటికి రెండు ముక్కలు మాడాయి.

తాతయ్య పొయ్యి చూశాడు. చుట్టూ ఉన్న ఆకులు చూశాడు.

"నేనెలాగూ కదిలేవాణ్ణి కాదమ్మా. ఆ పొయ్యి దగ్గరే కూర్చుంటాను. తిప్పడం రాదు గాని చూడ్డం వచ్చు" అన్నాడు.

"అయ్యో తాతయ్యా, మీ చేత కాపలా కాయిస్తానా? మీరు హాయిగా కూర్చోండి" అంది ఏదమ్మ. బండకు ఇవతల, నేరేడు నీడలో, పచ్చి ఆకులు పరిచి కూర్చోబెట్టింది. అక్కడి నుంచి పొయ్యి కనబడదు.

తరవాత గౌరక్క వచ్చింది. బురదగుంటలోంచి నేరుగా వచ్చిందేమో, ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ ఏదమ్మ ఎదురెళ్ళింది. మళ్ళీ రెండు ముక్కలు మాడాయి. గౌరక్క గాలి వాటం చూసి, పొయ్యి చుట్టూ ఒక్కసారి పొర్లుతానంది. నేల తడిసి బురదైతే నిప్పురవ్వ పడినా ఆరిపోతుందంది.

ఏదమ్మ పొయ్యి పక్కనున్న వాకిలి వైపు చూసింది. పొద్దున్నే లేచి ఆ వాకిలి ఊడ్చింది, ముగ్గు కూడా పెట్టింది.

"ఊరుకో అక్కా. పాలిచ్చినదానివి, ఇంకా పొర్లడం కూడానా? నువ్వు కూర్చో."

గౌరక్క కూర్చుంది. తాతయ్య వైపు చూసి, పిలిచి కూర్చోబెట్టడమంటే ఇదేనేమో, నడుం పట్టేస్తోందని నెమ్మదిగా గొణిగింది. తాతయ్య తల లోపలికి లాక్కుని నవ్వాడు.

ఇక మిగిలింది కస్తూరమ్మ. ఏదమ్మ అసలు వండింది ఆమె కోసమే. వాగు అవతల గుబురులో నల్లటి తోక కనబడగానే, అప్పుడే నిప్పుల మీద పెట్టిన నాలుగు ముళ్ళనూ అలాగే వదిలేసి దిగువకు ఉరికింది.

కస్తూరమ్మ వాగు దాటి వచ్చి, అక్కడే ఆగిపోయింది. ముక్కు పైకెత్తింది. ఆ అడవిలో ఆమెను మించిన ముక్కు లేదు.

"వదినా, పొయ్యి మీద ఏదో కాలుతోంది. నువ్వు ముందు వెళ్ళు. నా కాళ్ళు నేను కడుక్కుని వస్తాను" అంది.

మంచి మాటే. కానీ ఏదమ్మకు పోయినేటి మాట చెవిలో గింగురుమంది. ఇంకా గడప తొక్కలేదు, అప్పుడే నా పని నేను చేసుకుంటానంటోంది, రేపు అడవంతా చెప్తుంది అనుకుంది.

"బాగుంది వదినా. మా ఇంటికొచ్చి నీ కాళ్ళు నువ్వు కడుక్కోవడమేంటి? ఇలా రాతి మీద కూర్చో" అంది.

ఒక కాలు కడిగింది. కస్తూరమ్మ వాసన ఇంకా ఎక్కువైందంది. రెండో కాలు కడిగింది. అది పండు మాడిన వాసన కాదు, ముల్లు కాలిన వాసన అంది కస్తూరమ్మ. ఏదమ్మ మూడో కాలు వేళ్ళ మధ్య ఇసుక కూడా తీస్తూ, నీ ముక్కుకు అన్నీ వాసనలే అని నవ్వింది. నాలుగో కాలు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు గౌరక్క అరుపు వినబడింది.

ఏదమ్మ తల ఎత్తింది. నేరేడు చెట్టు వెనక పొగ లేస్తోంది. బొరియ ఉన్న చోట.

పరిగెత్తింది. ఆ పరుగు గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

జరిగింది ఇది. నిప్పుల మీది ముల్లు ఒకటి కాలి విరిగింది. మండుతున్న ముక్క బయటికి దొర్లింది. వడగాలి దాన్ని ఆకుల్లోకి తోసింది. బండ ఇవతల కూర్చున్న ఇద్దరికీ మంట ఎత్తు లేచేదాకా కనబడలేదు. తాతయ్య ముందుగా చూసి పిలిచాడు. తాబేలు గొంతు ఎంత దూరం పోతుంది?

ఏదమ్మ చేరేసరికి బొరియ ముందంతా మంట. గౌరక్క అప్పటికే దారిలో ఆమెను దాటుకుని దిగువకు పరుగెత్తి, వాగులో దబ్బున పడి, బురదతో సహా లేచి, మళ్ళీ పైకి ఉరికింది. వెళ్ళి మంట మీదే పొర్లింది. ముగ్గూ లేదు, వాకిలీ లేదు. అంతా బురద.

బొరియకు వెనక ఒక దారి ఉంది. ఏదమ్మ అందులోంచి దూరింది. లోపల పొగ. తడుముకుంటూ వెళ్ళి సూదిని బయటికి తోసింది. మళ్ళీ వెళ్ళి దబ్బనాన్ని ఈడ్చుకొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. గుండుసూది పడుకునే చోట గుండుసూది లేదు.

పిలిచింది. పలకలేదు. గది మూల మూలా తడిమింది. లేదు. మొదటి మూల నుంచి మళ్ళీ తడమసాగింది.

"జరుగు వదినా" అని వెనక నుంచి వినబడింది. కస్తూరమ్మ. "పిలిస్తే లేచే పిల్ల కాదు అది. నన్ను వాసన చూడనీ."

ముక్కు నేలకు ఆనించి ఆమె లోపలికి పాకింది. ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు తిరిగింది. కాసేపటికి అక్కడి నుంచి తుమ్ము వినబడింది. ఆ తరవాత కస్తూరమ్మ వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది. నోట్లో గుండుసూది ఉంది.

ఏమైందంటే, గుండుసూది అందరికన్నా ముందే లేచింది. జున్ను మిగిలిన అరటాకు పక్కగదిలో ఉందని దానికి తెలుసు. వెళ్ళి, ఆకు ఖాళీ చేసి, అక్కడే ఆకు కప్పుకుని నిద్రపోయింది. పొగ ఆ మలుపు దాకా ఇంకా రాలేదు.

బయటికొచ్చాక అది కళ్ళు నులుముకుని, "అమ్మా, అందరూ వచ్చేశారా?" అంది.

ఏదమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

మంట ఆరింది. గౌరక్క వీపు కాస్త కమిలింది గాని, ఏం ఫరవాలేదు, పేలు పోయాయంది. కస్తూరమ్మ మూతికి ఐదు ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. ఏదమ్మ ఒక్కొక్కటే లాగింది.

"కాళ్ళు నేనే కడుక్కుంటానంటే ఎత్తిపొడుపు అనుకున్నాను వదినా" అంది.

"పోయినేడు అన్నది ఎత్తిపొడుపే" అంది కస్తూరమ్మ. "ఇవాళ్టిది కాదు. మెల్లిగా లాగు."

అప్పటికి తాబేలు తాతయ్య బండ చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి చేరాడు. అంతా అయిపోయాక చేరాడు. చల్లారిన రాళ్ళను చూసి, ఏదమ్మను చూసి, "ఇప్పుడైనా ఇక్కడ కూర్చోనిస్తావా?" అని అడిగాడు.

ఏదమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇక్కడ కాదు తాతయ్యా, వాగు దగ్గర. మీరు కూర్చోకపోతే నేను నిప్పే రాజేయను" అంది.

పొయ్యి ఇసుకలోకి మారింది. గౌరక్క చుట్టూ మూడుసార్లు పొర్లి నేలంతా తడిపింది. తాతయ్య పొయ్యికి ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూశాడు. ఒక్క రవ్వ ఎగిరినా అదిగో అనేవాడు. సూది పండు గుచ్చింది, దబ్బనం అమ్మ ముందే కోసి బయట పెట్టిన జున్నుముక్కలు గుచ్చాడు. గుండుసూదికి తేనె పని ఇచ్చారు. అది ఒక చుక్క ముక్క మీద వేస్తే రెండు చుక్కలు నోట్లో వేసుకుంది. ఎప్పుడు తిప్పాలో కస్తూరమ్మ ముక్కు చెప్పింది. అందుకని ఈసారి ఒక్క ముక్కా మాడలేదు. తలా రెండే వచ్చాయి. అయినా అంత రుచి ఎప్పుడూ తినలేదని గౌరక్క ఆకు కూడా నమిలేసింది.

"నేను అప్పుడే చెప్పానా లేదా? ఏదమ్మ ఇంటికి నడుం కట్టుకునే రావాలి" అంది కస్తూరమ్మ, వాచిన మూతితో.

అందరికన్నా ముందు ఏదమ్మే నవ్వింది.

వెలుగు ఉండగానే లేచారు. తాతయ్య తన ఎదుటే నిప్పు మీద నీళ్ళు పోయించి, ఆవిరి ఆగేదాకా కదల్లేదు. ఇల్లు చేరగానే కేకేయమని ఏదమ్మ అందరికీ మరీ మరీ చెప్పింది. తన కేక ఇంత దూరం వినబడదన్నాడు తాతయ్య.

"వినబడకపోతే నేనే వచ్చి చూస్తాను" అంది ఏదమ్మ.

పిల్లల్ని వెనక దారిలోంచి లోపలికి పంపింది. సూది ఒకటి. దబ్బనం రెండు. గుండుసూది మూడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మూడే. బయటికొచ్చి నిలబడింది. బురదగుంట వైపు నుంచి గౌరక్క అరిచింది. నాలుగు. కాసేపటికి గుబురులోంచి కస్తూరమ్మ కూసింది. ఐదు. మూడోనాడు పొద్దున ఏదమ్మ తాతయ్య ఉండే మడుగు దాకా నడిచి వెళ్ళింది. నీళ్ళ అంచున, రాతి పక్కన, తాతయ్య అప్పుడే చేరి తల బయటపెట్టి ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఆరు" అంది ఏదమ్మ. అప్పుడు కూర్చుంది.

నీతి: ఇంటికి వచ్చినవాళ్ళు సాయం చేస్తామంటే మర్యాద కోసం వద్దనకండి, నిప్పును ఒంటరిగా వదిలి చేసే మర్యాద వాళ్ళకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.