పండితుడి చెయ్యి

ఆ రాజ్యంలో సాక్ష్యం చెప్పేవాడు నిందితుడి చెయ్యి పక్కనే తన చెయ్యి కూడా నరికే మొద్దు మీద పెట్టాలి. సాక్ష్యం అబద్ధమని తేలితే తెగేది సాక్షి చెయ్యే. దాంతో సాక్షులు కరువై, న్యాయాధికారులు త్ర్యంబక పండితుడి 'దొంగల లక్షణాలు' గ్రంథాన్ని ఉదహరించి శిక్షలు వేసేవారు. ఉదహరించిన ప్రతిసారీ రాజు పండితుడికి శాలువా కప్పేవాడు. నేరం ఎక్కడ పుడుతుందో రాసిన ఆ మహానుభావుడు ఆకలి ఎక్కడ పుడుతుందో మాత్రం రాయలేదు.

బుట్టలల్లే గురవమ్మ మొగుడికి అలాగే, ఆ గ్రంథం మాట మీదే, కుడిచెయ్యి పోయింది. కోటలో వెండి చెంబు కనబడలేదని ఇప్పుడు ఆమె తమ్ముడు ఓబులును కట్టేసి, రాజు ముందు వాడి చేతిని మొద్దు మీద పెట్టించారు.

"వీడు తీయడం చూసిందెవరు, ప్రభూ?" అంది గురవమ్మ.

"చూడనక్కర్లేదు. వెలివాడలో పుట్టినవాడు దొంగే అవుతాడని నా గ్రంథం చెబుతోంది. వందల తీర్పులు దాన్ని ఒప్పుకున్నాయి," అన్నాడు పండితుడు శాలువా సర్దుకుంటూ.

"అయితే సాక్షి మీరేగా, స్వామీ. మావాడి చెయ్యి పక్కన మీ చెయ్యి పెట్టండి."

రాజు మొద్దు వైపు చూపించాడు. పండితుడి చెయ్యి శాలువాలోంచి బయటికి రాలేదు.

"నేను రాసింది వాడ మొత్తం గురించి, ప్రభూ. వీడొక్కడి సంగతి నాకేం తెలుసు?"

రాజు ఓబులును వదిలేయక తప్పలేదు. గురవమ్మ మాత్రం కదల్లేదు.

"మా ఆయన సంగతి తెలిసిందా, స్వామీ?"

పండితుడు శాలువా ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

గుంపులోంచి వచ్చి బావమరిది కట్లు విప్పబోయిన ఆమె మొగుడికి ఒంటిచేత్తో ముడి ఊడలేదు. గురవమ్మ వచ్చి తన చెయ్యి కలిపింది.