హుసేనప్ప కాలివేళ్ళు

ఓబులేసుకి ఉన్న బాధల్లా ఒక్కటే. హుసేనప్ప తాత దగ్గర ఒళ్ళు పట్టడం నేర్చుకుందామని చేరాడు. ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి కూడా మొదలైంది. ఇంతవరకు తాత ఒక్క మనిషిని కూడా వాడి చేతికి అప్పగించలేదు.

నాపబండల గనుల పక్కనున్న ఊరది. నడుం పట్టేసిన కూలీ ఎవరైనా నేరుగా తాత కొట్టానికే వచ్చేవాడు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేవాడు ముందు ఆయన ఒంటి మీదే నేర్చుకోవాలి. పొద్దున్నే ఆ చీకటి కొట్టంలో తాత చాప మీద బోర్లా పడుకుంటే, మెడ నుంచి మడమల దాకా ఓబులేసు నువ్వుల నూనె పెట్టి రుద్దాలి. బాగుందా తాతా అని వాడడిగితే ఆయన ఊఁ అనడు, ఊహూఁ అనడు.

ఓబులేసువి గనిలో సమ్మెట కొట్టిన చేతులు. బలానికేం తక్కువ లేదు. వాడొకటి కనిపెట్టాడు కూడా. రెక్క ఎముక కింద బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలు, అక్కడెక్కడో చాప చివర తాత కాలివేళ్ళు ముడుచుకుంటాయి. ముసలాయనకి హాయి కాళ్ళ దాకా దిగుతోందని వాడి సంబరం. టీకొట్టు దగ్గర తన చేతివేళ్ళు ముడిచి చూపించి అందరినీ నవ్వించేవాడు. ఇంత పని తెలిసినవాడిని పట్టుకుని ఇంకా చాప దగ్గరే కూర్చోబెట్టాడే అని లోపల్లోపల ఉడికిపోయేవాడు.

ఒక శుక్రవారం తాత నమాజుకని పక్కూరు వెళ్ళాడు. ఆ సమయానికే పుల్లన్న నడుం పట్టుకుని వచ్చాడు. గనిలో బండలెత్తాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. తాత వచ్చేదాకా కూర్చుంటానన్నాడు పాపం. నేనున్నా కదా, కూర్చోవడం దేనికని ఓబులేసు చాప పరిచాడు.

నొక్కాడు. పుల్లన్న కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఇంకేం, నడుం మీద మోకాలు ఆనించి మొత్తం బరువేసి నొక్కాడు. వైద్యం అంటే ఇట్లాగే ఉంటుంది కాబోలని పుల్లన్న తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని ఓర్చుకున్నాడు.

మర్నాడు పుల్లన్నని మంచం మీద మోసుకొచ్చారు.

తాత ఓబులేసుని ఒక్క మాటా అనలేదు. వాడిని నూనె వెచ్చబెట్టమని చెప్పి, తను పుల్లన్న పక్కన కూర్చుని రోజూ ఆ నడుం మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా తిప్పేవాడు. పొద్దున్నే ఓబులేసు ఎప్పట్లాగే తాత ఒళ్ళు రుద్దడం మాత్రం ఆగలేదు. కొన్నాళ్ళకి పుల్లన్న లేచాడు, నడిచాడు. కానీ బండ ఎత్తే యోగం మాత్రం ఇక లేదు. మేస్త్రీ దయతలచి గేటు దగ్గర కాపలా పని ఇచ్చాడు.

ఆ పనిలో చేరిన రోజు పుల్లన్న తన గడ్డపారని ఓబులేసు కళ్ళెదుటే వేరే కూలీకి ఇచ్చేశాడు. ఓబులేసుని చూసి, తిన్నావా అని పలకరించి వెళ్ళిపోయాడు. అదేదో తిట్టినా బాగుండేది. వాడికి ఆ పూట అన్నం సహించలేదు.

తిరిగి తిరిగి కొట్టానికొచ్చాడు. తాత నూనె గిన్నె తుడుస్తున్నాడు.

"నీ మీద ఎట్లా నొక్కితినో ఆయన మీదా అట్లే నొక్కితిని తాతా. ఒక్కనాడన్నా నువ్వు తప్పనలేదే," అన్నాడు.

తాత గిన్నె పక్కన పెట్టి బయట ఎండలోకి నడిచాడు. చొక్కా విప్పి, వాడికి వీపు చూపిస్తూ అరుగు మీద కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ చీకట్లో, నూనె మెరుపులో చూడనిది అప్పుడు చూశాడు ఓబులేసు. వీపంతా కమిలిపోయి ఉంది. కొన్ని మచ్చలు పసుపుబారి మానుతున్నాయి, కొన్ని ఇంకా నల్లగానే ఉన్నాయి. తాత భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాచి, వాడి బొటనవేలు పట్టుకుని, రెక్క ఎముక కింద ఉన్న మచ్చ మీద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"నొప్పని ఎందుకు చెప్పలేదు తాతా?"

"చెప్పింటే నీ చెవులు నేర్చుకునేటివి. నేర్చుకోవాల్సింది చేతులు గదప్పా."

ఓబులేసు ఆ మచ్చ మీంచి బొటనవేలు తీసేశాడు.

"నీకే తెలుస్తాదిలే అని చూస్తా ఉంటిని," అన్నాడు తాత మెల్లగా. "ఆ చూడ్డం పుల్లన్న నడుం మీదికి తెచ్చె. తప్పు నాది కూడా."

ఆయన లేచి లోపలికెళ్ళాడు. తలుపు బార్లా తెరిచి, వెలుగు పడేచోటికి చాప లాగి, ఎప్పట్లాగే బోర్లా పడుకున్నాడు.

"రా," అన్నాడు.

ఓబులేసు చేతులకి నూనె రాసుకుని పక్కన కూర్చున్నాడు. ఈసారి వాడి కళ్ళు వీపు మీద లేవు, చాప చివర ఉన్నాయి. చేతులు మెల్లగా కిందికి దించాడు.

అవి ఇంకా ఒంటికి తగలనేలేదు. తాత కాలివేళ్ళు అప్పటికే ముడుచుకున్నాయి.