చివరి గదికి పోనన్న కార్డు

...అందుకే ఇంతసేపు పట్టింది, ఏమీ అనుకోకండి. అసలు సంగతికి రాకుండా ఊరంతా తిప్పేస్తున్నా, నాకూ తెలుసు. కానీ ముందు డబ్బా సంగతి చెప్పకపోతే కార్డు సంగతి మీకు అందదు. ఇదిగో, వచ్చేశా.

ఒక నర్సమ్మాయి దగ్గర ఒక చెప్పుల డబ్బా ఉంది. దాన్లో అట్టముక్కలు అడ్డంపెట్టి ఐదు గదులు చేసుకుంది. గదుల నిండా కార్డులు. కార్డుకి ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు జర్మన్ మాట. ఆ భాషలో దిండుకీ దగ్గుకీ కూడా మగా ఆడా తేడాలుంటాయి. అందుకని మగమాటలకి నీలం అంచు, ఆడమాటలకి ఎరుపంచు, రెండూ కానివాటికి ఆకుపచ్చంచు గీసుకుంది.

పన్నెండు వారాల్లో పరీక్ష. నెగ్గితే జర్మనీలో ఒక ఆసుపత్రి పిలుస్తుంది. పోతే ఆ చోటు ఇంకొకరిది. రెండో మాట లేదు.

డబ్బాకి ఒక ధర్మం ఉంది. కొత్త కార్డు మొదటి గదిలో ఉంటుంది. ఆ గది రోజూ తెరుస్తారు. తెలుగు చూసి జర్మన్ చెప్పగలిగితే కార్డు రెండో గదికి పోతుంది, అక్కడ మూడ్రోజులకోసారే వెలుగు. అక్కడా చెప్పగలిగితే మూడోది, వారానికోసారి. నాలుగోది రెండు వారాలకి. ఐదోది నెలకి. ఏ గదిలో మర్చిపోయినా సరే, తిరిగి మొదటి గదికే. పెద్దా చిన్నా లేదు, సిఫార్సు లేదు.

మొదటి గదిలో ఒక నీలంకార్డు ఉంది. ఒకవైపు ‘దాహం’, రెండోవైపు ‘డుర్స్ట్’. అంతే! గుటక వేసినంత మాట. నర్సుకి రోజుకి పదిసార్లు కావలసిన మాట. అయినా నాలుగు వారాలుగా వాడు మొదటి గది దాటలేదు.

దాటలేక కాదు. వాడికి ఇష్టం లేదు.

పొద్దున్నే ఆరింటికి, పక్కన టీ గ్లాసు పెట్టుకుని, ఆమె వాణ్ణి చేతిలోకి తీసుకునేది. బొటనవేలి వెచ్చదనం తగిలేది. ‘దాహం’ అని చదివి కళ్ళు మూసుకునేది. అప్పుడు వెనకున్న మాట లేచి, ఆమె లోపలికి దూకి, మెట్లన్నీ ఎక్కి నాలుక మీదికి రావాలి. వాడూ ఎక్కేవాడు. నాలుక చివరిదాకా వచ్చి అక్కడ చతికిలబడేవాడు. ఆమె గిలగిల్లాడేది. కార్డు తిప్పి చూసి, “అబ్బా! డుర్స్ట్!” అని నుదురు కొట్టుకునేది. ఆ మొహం అంత దగ్గరగా కనబడేది కదా, వాడికి అదే పండగ. రెండో గదికి పోయినవాళ్ళ సంగతి చూడండి, మూడ్రోజుల చీకటి! ఎవడికి కావాలి?

ఆ వారంలోనే నాలుగో గది నించి ఒక ఎర్రకార్డు వెనక్కొచ్చి పడింది. దాని మాట ‘క్రాంకెన్‌ఫెర్‌జిషెరుంగ్’. ఆరోగ్య బీమా అని అర్థం. రైలుబండంత పేరు. పిల్ల కార్డులన్నీ దాన్ని పెద్దక్క అనేవి.

“ఏంట్రా బుడ్డోడా, ఇంకా ఇక్కడే తగలడ్డావా?” అంది పెద్దక్క.

“నిన్నూ తన్ని తరిమేసింది కదా!” అన్నాడు నీలంకార్డు.

“నా పేరు మధ్యలో ఒక రైలుపెట్టె ఊడింది లే. తగిలించుకుని మళ్ళీ పోతా.”

పక్కనే దగ్గు కార్డు ఉండేవాడు. ఆ మాట మోస్తున్న పాపానికి వాడికి దగ్గు ఆగేది కాదు. “ఖళ్ ఖళ్... పెద్దక్కా, అక్కడెలా ఉంటది?” అన్నాడు.

“చీకటిగా ఉంటది. రెండ్రోజులు ఏడుపొస్తది. వదిలేసింది రా బాబూ అనుకుంటాం. తర్వాత ఉన్నట్టుండి ఒళ్ళు ఝల్లుమంటది. ఏంటా అని చూస్తే, ఆమె ఎక్కడో బస్సులో కూర్చుని, బీమా ఆఫీసు బోర్డు చూసి నన్ను పిలిచింది. చేతిలో కార్డు లేదు! డబ్బా ఇక్కడ, ఆమె అక్కడ! ఒరేయ్, ఆ ఝల్లు మాటల్లో చెప్పలేనురా.”

“రోజూ మొహం చూసేది మానేసి, ఎప్పుడో వచ్చే ఝల్లు కోసం చీకట్లో కూర్చోనా? నాకేం పిచ్చా?”

“పిచ్చి కాదురా, భయం,” అంది పెద్దక్క.

ఆ మర్నాడు వాడి పంట పండింది. హాస్టల్లో నర్సమ్మాయితో ఒకే గదిలో ఉండే ల్యాబ్ అక్క, జడ వేసుకుంటూ తొంగిచూసింది.

“ఇంకా అదేనా? అంత రైలుబండి మాటొచ్చింది, ఈ ముష్టి దాహం రాలేదా నీకు?”

“నాలుక మీదే ఉంటుందక్కా. బయటికి రాదు!”

“అయితే కళ్ళెదుట పెట్టుకో. నీళ్ళు తాగేచోట అంటిస్తే చచ్చినట్టు వస్తుంది.”

నర్సమ్మాయి వెంటనే టేపు తెంపి, జర్మన్ వైపు పైకి పెట్టి, నీళ్ళ ఫిల్టర్ మీద అంటించేసింది. డబ్బాలోంచి బయటికి! గదులు లేవు, వంతులు లేవు. రోజుకి పాతికసార్లు దర్శనం!

“ఏమర్రా, చీకట్లో కుళ్ళేవాళ్ళూ! చూశారా నా వైభోగం!” అని వాడు పైనుంచి కేకేశాడు. డబ్బాలో కార్డులు కుళ్ళుకున్నాయి. దగ్గుగాడైతే “నాకూ ఒక టేపు ముక్క దొరికితేనా...” అన్నాడు.

మొదటిరోజు ఆమె ప్రతిసారీ “డుర్స్ట్, డుర్స్ట్” అని పాడుకుంటూ సీసా నింపింది. రెండోరోజు మెల్లగా అనుకుంది. మూడోరోజు పెదాలు కదిలాయి, అంతే. వారం తిరిగేసరికి ఒక చూపు. రెండోవారంలో అదీ లేదు. ఆమె వచ్చేది, కుళాయి తిప్పేది, ఫోన్ చూసుకునేది, పోయేది. వాడు ఉన్నచోటే ఉన్నాడు, ఆమె కళ్ళెదురుగానే. “ఇదిగో, నేనిక్కడ!” అని అరిచాడు. చూపు తగిలేది, మనసు తగిలేది కాదు. ఫిల్టర్‌కి ఒక రంగుంటుంది, ఒక మూతుంటుంది, ఒక కార్డుంటుంది. అందులో ఏదీ ఆమెకి కనబడ్డం మానేసింది. వాడి నీలం అంచు మీద దుమ్ము పేరుకుంది. చీకట్లో ఉన్నవాణ్ణి వెతుకుతారు, వెలుగులో తప్పిపోయినవాణ్ణి ఎవరు వెతుకుతారు చెప్పండి!

ఆరో వారంలో జర్మన్ క్లాసులో నమూనా పరీక్ష పెట్టారు. మేడమే రోగిలాగా కుర్చీలో వాలి కూర్చుంది.

“నాకు దాహంగా ఉందేమో కనుక్కో. జర్మన్‌లో.”

నర్సమ్మాయి నోరు తెరిచింది. లోపల మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఈసారి నాలుక చివరికి కూడా ఎవరూ రాలేదు.

“రోజూ పాతికసార్లు చూస్తాను మేడమ్! మా ఫిల్టర్ మీదే ఉంది!”

“ఫిల్టర్ మీదుంటే ఫిల్టర్‌కి వచ్చుంటుంది. పరీక్షకి ఫిల్టర్‌ని పంపుతావా?”

క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. “చూడు తల్లీ, ఇంక ఆరు వారాలు. రోగి మొహం చూసి ఈ ఒక్క ముక్క అడగలేకపోతే అక్కడే ఆపేస్తారు. చూడ్డం వేరు, వెతుక్కోవడం వేరు.”

సాయంత్రం ఆమె గదికొచ్చి, ఫిల్టర్‌కి నుదురానించి ఏడ్చింది. ఏ మాట రాలేదని ఏడుస్తోందో ఆ మాట ఆమె జుట్టుకి బెత్తెడు పైన ఉంది. తలెత్తి చూడలేదు. చూడాలని తోచను కూడా తోచలేదు.

ఆమె వెక్కిళ్ళకి ఫిల్టర్ కదుల్తోంది, దాంతోపాటు వాడూ కదుల్తున్నాడు. జన్మలో ఇంత దగ్గరగా ఎప్పుడూ లేడు, ఇంత దూరంగానూ లేడు. అప్పుడు అర్థమైంది వాడికి. తనకి కావలసింది తను సంపాదించుకున్నాడు, ఆమెకి కావలసింది ఆమెకి లేకుండా చేశాడు.

ఒక్క గింజు గింజుకున్నాడు. టేపు పట్టు వదిలింది. కిందికి జారి, ఫిల్టర్ వెనక్కి పోయి, గోడకీ బల్లకీ సందులో పడ్డాడు.

పొద్దున్నే ఆమె సీసా పట్టుకొచ్చింది. కుళాయి తిప్పింది. తిప్పి, ఆగిపోయింది. ఫిల్టర్ మీద దుమ్ములో ఒక తెల్లటి చదరం.

“ఇక్కడేదో ఉండాలే...” అంది. “ఏంటబ్బా?”

సందులోంచి వాడికి ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. మొహం లేదు, బొటనవేలు లేదు. అరుద్దామనుకున్నాడు. అరవలేదు. కాగితం వదిలేసి దూకాడు, ఆమె లోపలికి! మెట్లెక్కాడు. పైన ఆమె తడుముకుంటోంది: “నీలం అంచు... చిన్న మాట... డు... డూ...” నాలుక చివర వచ్చింది. వాడి పాత గద్దె! కూర్చోలేదు. ఆగలేదు. ఒక్కటే గెంతు!

“డుర్స్ట్!”

ఎంత కేకంటే, ల్యాబ్ అక్క నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చింది. “ఏమైందే? బల్లి పడిందా?”

“వచ్చిందక్కా! దానంతటదే వచ్చింది! డుర్స్ట్! డుర్స్ట్!”

“వస్తే వచ్చింది గానీ కుళాయి కట్టెయ్యవే తల్లీ, గదంతా చెరువైంది!”

ఇద్దరూ నీళ్ళలో నిలబడి నవ్వారు. ఆ నవ్వులోనే బల్ల జరిపి, కార్డు తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ ఫిల్టర్ మీద పెట్టబోయి, ఆమె ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి, డబ్బా తెరిచి రెండో గదిలో పెట్టింది.

అక్కణ్ణించి చూడాలి వాడి ప్రయాణం! రెండో గది మూడ్రోజులు, బిక్కుబిక్కుమంటూ. మూడో గది వారం. నాలుగో గదిలో తొమ్మిదోరోజు ఒళ్ళు ఝల్లుమంది. వార్డులో ఒక ముసలావిడకి మంచినీళ్ళు పడుతూ ఆమె తనలో తను అనుకుంది, వాణ్ణి! డబ్బా ఎక్కడో మంచం కింద! “పెద్దక్కా! వచ్చింది! ఝల్లు వచ్చింది!” అని వాడు గోల గోల చేశాడు. పక్కగదిలోంచి పెద్దక్క “తెలిసిందా బుడ్డోడా!” అంది. పరీక్షకి ముందే ఇద్దరూ ఐదో గదికి చేరారు.

పరీక్ష రోజు డబ్బా హాస్టల్లోనే ఉంది. వాడి వంతు ఇంకా రాలేదు, మూత తియ్యలేదు.

అక్కడ హాల్లో పరీక్ష చేసేవాళ్ళు ఇద్దరు. అందులో తెల్లజుట్టు ఆవిడ రోగి వేషం. పొద్దున్నించీ అందరితో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. ఆవిడ నొప్పి గురించి చెప్తోంది, నర్సమ్మాయి రాసుకుంటోంది. మధ్యలో ఆవిడ పెదాలు తడుపుకుంది. ప్రశ్నల కాగితంలో అది లేదు. నర్సమ్మాయి కలం ఆపి, ముందుకి వంగి అడిగింది.

“హాబెన్ జీ డుర్స్ట్?”

మీకు దాహంగా ఉందా అని. తెల్లజుట్టు ఆవిడ పక్కాయన వంక చూసింది, ఆయన కాగితం వంక చూశాడు. తర్వాత ఆవిడ వేషం గీషం వదిలేసి పకపకా నవ్వి, “యా!” అని బల్ల మీది నీళ్ళ గ్లాసందుకుని గటగటా తాగేసింది. చివరి చుక్క దాకా!

ఇక్కడ, మంచం కింద, మూసిన డబ్బాలో, ఒక కార్డు గాల్లోకి ఎగిరి అట్టకి తల కొట్టుకుంది.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. నెగ్గింది! హాస్టల్ వరండా అంతా గెంతులే గెంతులు.

ఆ సాయంత్రం ఆసుపత్రికి పంపాల్సిన కాగితాలు నింపడానికి కూర్చుంది. బల్ల ఒక కోడు పొట్టిదై ఊగుతోంది, రాత వంకర్లు పోతోంది. ల్యాబ్ అక్క డబ్బా కదిలించి ఒక కార్డు పైకి తీసింది.

“ఒసేయ్, ఇదే కదే నిన్ను అంత ఏడిపించింది?”

నర్సమ్మాయి చూసింది. అటూ ఇటూ తిప్పింది. “ఇదా? డుర్స్టా? ఇది నాకు రాకపోవడమేంటక్కా? దాహానికి ఇంకేమంటారు?”

“ఓయమ్మో! నుదురు కొట్టుకున్నావే బాబూ రోజూ!”

“నేనా? ఊరుకో అక్కా, నువ్వు ఇంకేదో అనుకుంటున్నావ్.”

అంటూనే ఆ కార్డుని నాలుగు మడతలు పెట్టి, వంగి, బల్లకోడు కింద దూర్చేసింది. బల్ల నిలబడింది. ఆమె గబగబా సంతకాలు పెట్టుకుంటూ పోయింది.

“ఖళ్ ఖళ్... అయ్యో పెద్దక్కా! వాణ్ణి గుర్తుపట్టలేదు! కోడు కింద తొక్కేసింది!” అని దగ్గుగాడు ఘొల్లుమన్నాడు.

“ష్! వాడి మొహం చూడు,” అంది పెద్దక్క.

నాలుగు మడతల కింద, బల్ల బరువంతా మీదుండగా, వాడు నవ్వుతున్నాడండీ! పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు! ఎందుకురా ఆ నవ్వు అని దగ్గుగాడు అడిగాడు. దానికి వాడేమన్నాడంటే, “ఒరేయ్ పిచ్చోడా, గుర్తుపట్టాలంటే నేను ఆమెకి ఎదురుగా ఉండాలి కదరా, నేనిప్పుడు ఆమె లోపల...” ఆఁ? ఆఁ, వినబడిందమ్మా, వస్తున్నా! ఆటో అతన్ని ఒక్క నిమిషం ఆగమను, చెప్పులేసుకుని...