వరాలమ్మ విన్న ఇత్తడి బిళ్ళ

అనగనగా అందామంటే ఈ కథలో రాజూ లేడు, రాణీ లేదు. గోదారి ఉంది, గోదారి నడిమధ్య ఒక లంక ఉంది. ఎప్పటి మాటంటారా? మా తాతకే సరిగ్గా తెలీదు, నన్నడిగితే ఏం చెప్పను!

లంకకి ఇవతలి గట్టున వరాలమ్మని, రేడియోలు బాగుచేసుకు బతికే ఆవిడుండేది. మొగుడు పోయాక అతని పనిముట్లే ఆవిడకి దిక్కు. ఒక్కగానొక్క కూతురు మంగని ఆ లంకలోనే ఇచ్చింది.

లంకవాళ్ళు వరద బజరొకటి పెట్టుకున్నారు. రేవులో రెండు తీగలుంటాయి. నీళ్ళు వాటిని తాకితే బజరు అరవాలి, జనం పడవలెక్కాలి. బజరంటే ఏముంది, రూపాయంత ఇత్తడి బిళ్ళ, దానికి మూడు సన్నతీగలు, వెనకాల కాస్త సర్క్యూటు. వానకి తడిసిపోద్దని మనవాళ్ళు ఏం చేశారో తెలుసా? పడవకి పూసినట్టు బిళ్ళకి తారు పూశారు! పరీక్షకని చెంబుడు నీళ్ళు పోస్తే, కుర్రుమని మూలిగి ఊరుకుంది.

పై ఊళ్ళలో గోదారి పెరుగుతోందని అప్పుడే కబురొచ్చింది. మూడు రోజుల్లో ఇక్కడికొచ్చేస్తుంది.

మొదటిరోజు ప్రెసిడెంటు గవర్రాజు, "బ్యాటరీలు చాల్లేదు" అని ఇంకో రెండు తగిలించాడు. కుర్రుమంది. రెండోరోజు టౌను మెకానిక్కొచ్చి, "సర్క్యూటు చెప్పినట్టు బిళ్ళ అరవాలి, అంతే" అని, మూడో తీగ దండగని కత్తిరించి, తన సర్క్యూటు పెట్టాడు. కుయ్యిమంది. మూడోరోజు పొద్దున్నే మంగ మొగుడు పడవేసుకొచ్చాడు.

"అత్తా, మంగకి ఆడపిల్ల పుట్టింది. ఇవాళ కదిలించొద్దని మంత్రసాని అంటోంది. నీళ్ళొస్తున్నాయని ముందు తెలిస్తే మంచంతో సహా పడవెక్కిస్తాం. తారు పూసిన బజరేమో కుయ్యిమని మూలుగుతోంది. తెలీకపోతేనే..."

వరాలమ్మ చేతిలో రేడియో పక్కన పెట్టేసింది. పనిముట్లూ, కిరసనాయిలు సీసా పట్టుకుని పడవెక్కింది. లంకలో దిగి మనవరాలి మొహం కూడా చూడలేదు, తిన్నగా బజరు దగ్గరికెళ్ళింది.

కిరసనాయిలుతో తారంతా కడిగింది. బిళ్ళని గోటితో మీటి చెవిన పెట్టుకుంది. "నీ పాటేంటే తల్లీ?"

గవర్రాజు పకపకా నవ్వాడు. "బిళ్ళనడుగుతావేంటి వరాలమ్మా! దానికేం తెలుసు?"

"దానికే తెలుసండి. వెడల్పుదైతే లావు గొంతు, మందందైతే సన్న గొంతు. తారు మోసిందంటే గొంతే పడిపోద్ది. బ్యాటరీ కేక పెంచుద్ది గానీ, పాట మార్చదండి."

బిళ్ళని అంటించెయ్యకుండా, అంచుకి కాస్త లోపలగా సన్నటి రబ్బరు రింగు మీద కూర్చోబెట్టింది. మళ్ళీ మీటింది. "నీ పాటేంటే తల్లీ?" ఈసారి టింగుమని చాలాసేపు పలికింది.

పాత సర్క్యూటు తెచ్చి మూడో తీగ అతికించింది. "ఇది దండగ కాదండి. బిళ్ళ ఎప్పుడెలా వణికిందో సర్క్యూటుకి చెప్పేది ఇదే. ఉయ్యాల మన దగ్గరికొచ్చినప్పుడే కదా తొయ్యాలి? మనకి తోచినప్పుడు తోస్తే ఊగుద్దా?"

గవర్రాజు నవ్వు ఆపి దగ్గరికి జరిగాడు.

ఆఖర్న ఒక కొబ్బరిచిప్పకి చిల్లు పెట్టి, చెక్క మీద బోర్లించి, చిల్లు మీదుగా ఊదింది. "నీ పాటేంటే తల్లీ?" పాట కలవలేదు. చిల్లు కాస్త గీకి పెద్దది చేసింది. ఊదింది. మళ్ళీ గీకింది. చిప్పా బిళ్ళా ఒకే పాట పాడేదాకా వదల్లేదు మహాతల్లి! అప్పుడా చిప్పని, బిళ్ళ కేకని పెద్దది చేసేలా, దాని మీద మూతగా బిగించింది.

సరిగ్గా అన్నాల వేళకి గోదారి తీగల్ని తాకింది. బజరు కీ...మని లేచింది చూడండీ! అంత గాలిహోరులోనూ లంక చివర అరటితోటల్లో ఉన్నవాళ్ళు గెలలొదిలేసి పరిగెత్తుకొచ్చారు. మంగని మంచంతో సహా మోసుకొచ్చారు. లంకలో ఒక్కరూ మిగలకుండా అందరూ పడవలెక్కారు. పడవ కదిలాక, అప్పుడు గానీ వరాలమ్మ మనవరాల్ని ఒళ్ళోకి తీసుకోలేదు. తీసుకుని భోరుమంది.

ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ లెక్కలేదు. ఇప్పుడక్కడ ఊరంత సైరన్లొచ్చాయి. అయినా వరదొచ్చిన రోజు ఆ లంకలో "సైరను మోగింది" అని ఎవ్వరూ అనరు.

"వరాలమ్మ పిలుస్తోంది, పిల్లల్నెత్తుకోండి" అంటారు.