ఇరవై ఒక్క వాసనలు

అనగనగా ఒక అడవిలో పరీక్షలు ఉండేవి. నవ్వకండి, నిజంగానే ఉండేవి. ఆ అడవిలో చుక్కల దుప్పుల మంద ఒకటి తిరిగేది. ఆ మందకు మేత కన్నా పరీక్షలంటేనే ఎక్కువ ప్రాణం. కథ పిల్లలకే చెబుతున్నాను. వెనక కూర్చుని విననట్టు నటిస్తున్న పెద్దవాళ్ళు కూడా వింటే మంచిదే.

దుప్పికి కోరలు లేవు, గోళ్ళు లేవు. ఉన్నదల్లా ముక్కు. చిరుత ఎక్కడ పొంచి ఉందో, రేచుకుక్కలు ఎటు నుంచి వస్తున్నాయో గాలి వాసన చూసి తెలుసుకోవాలి. అందుకని ఆ మందలో ఎప్పటివాళ్ళో ఒక పాఠం కట్టారు. అపాయాన్ని చెప్పే వాసనలు మొత్తం ఇరవై ఒకటి. ఒక్కొక్క దానికి ఒక పేరు, ఒక గుర్తు, అది తగిలితే ఎటు పరిగెత్తాలో ఒక మాట. రెండో వేసవి రాగానే ప్రతి పిల్లా ఆ పాఠం బట్టీ పట్టి, మందకు పెద్దయిన మోడుకొమ్ముల తాత ఎదుట నిలబడి అప్పజెప్పాలి.

ఇరవై ఒకటీ చెప్పినవాళ్ళు మందకు ముందు నడుస్తారు. లేత గడ్డి వాళ్ళది, తేట నీళ్ళు వాళ్ళవి. తక్కువ చెప్పినవాళ్ళు వెనక నడుస్తారు. వాళ్ళకు తొక్కిన గడ్డి, కలక నీళ్ళు. ముందు నడిచేవాళ్ళకు ఒక పని కూడా ఉంది. మంద ఏటికి వెళ్ళినప్పుడు అందరూ ఇసుక మిట్టకు ఇవతలే ఆగుతారు. ముందు నడిచే దుప్పి ఒక్కటే మిట్ట ఎక్కి గాలి వాసన చూస్తుంది. అపాయం ఉంటే కాలు నేలకు కొట్టి, తోక ఎత్తుతుంది. లేకపోతే నీళ్ళలోకి దిగుతుంది. అది దిగాకే మిగతావాళ్ళు మిట్ట దాటాలి.

ఆ మందలో చెంగలి అనే ఆడ దుప్పి ఉండేది. తన చిన్నప్పుడు చెంగలి పన్నెండో వాసన దగ్గర తడబడి ఆగిపోయింది. అప్పటి నుంచి ఏడు వేసవులు మంద తోకలోనే నడిచింది. ముందువాళ్ళు లేపిన దుమ్ము తిన్నది. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, పేరు మోదుగు. వాడికి రెండో వేసవి వచ్చింది.

"నా గతి వీడికి పట్టకూడదు," అనుకుంది చెంగలి. తల్లి అలా అనుకోవడంలో తప్పేముంది? ఏ తల్లయినా అనుకుంటుంది. తప్పు ఆ తర్వాత మొదలైంది.

కొండ కింద ఒక లోతైన గుంట ఉంది. చుట్టూ బండరాళ్ళు, పైన ముళ్ళ పొదలు. గాలి చొరబడదు. పరీక్షకు నలభై రోజుల ముందు చాలామంది తల్లులు పిల్లల్ని తెచ్చి ఆ గుంటలో దింపేవారు. బయట ఉంటే పూల వాసన, వాన వాసన, తోటి పిల్లల వాసన తగిలి మనసు చెదురుతుందట. గుంటలో అయితే ఏ వాసనా ఉండదు కనుక వాసనల పాఠం బాగా ఎక్కుతుందట! ఈ తెలివి ఆ మందలో మొదట ఎవరికి పుట్టిందో కానీ, అందరూ దాన్నే పట్టుకున్నారు.

మోదుగు గుంటలో కూర్చుని పొద్దస్తమానం వల్లె వేసేవాడు. "ఒకటి, చిరుత. తడి ఆకుల కింద ఎండిన నెత్తురు వాసన. పల్లం విడిచి మిట్టకు పరుగెత్తాలి. రెండు, రేచుకుక్క..." అంటూ ఇరవై ఒకటి దాకా వెళ్ళి, మళ్ళీ ఒకటికి వచ్చేవాడు. వాడికి చిరుత వాసన ఎలా ఉంటుందో మాటల్లో తెలుసు. ముక్కుకు మాత్రం తెలియదు.

చెంగలి రోజూ ఎంతో దూరం నడిచి, వాడి కోసం తునికి చిగుళ్ళు తెచ్చేది. తాను ఒక్క ఆకు నమిలేది కాదు. ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

పదో రోజు మోదుగు చిగుళ్ళు నోట పెట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మా, ఇవి ఏం ఆకులు?"

"తునికి చిగుళ్ళు నాన్నా. నీకిష్టమని తెచ్చా."

"వాసన తెలియడం లేదమ్మా. తల దిమ్ముగా ఉంది. నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు."

"చదువుకునేవాళ్ళకు అంతే. ఏదీ, పదకొండు చెప్పు చూద్దాం," అంది చెంగలి. మోదుగు పదకొండు చెప్పాడు. ఆమె ఊపిరి పీల్చుకుని, పన్నెండు కూడా చెప్పించుకుని వెళ్ళిపోయింది.

అదే గుంటలో ఉసిరి అనే ఆడపిల్ల ఉండేది. దాని తల్లి గరిక. ఇరవయ్యో రోజున ఉసిరి మేత ముట్టలేదు. రాయికి ఆనుకుని వణుకుతూ, "అమ్మా, నాకేదో అవుతోంది," అంది. గరిక కాసేపు కూతురి మొహం నాకింది. తర్వాత దాన్ని ముట్టెతో నెమ్మదిగా నెట్టుకుంటూ గుంట పైకి ఎక్కించింది.

చెంగలి అడ్డం వచ్చింది. "ఇదేం పని గరికా? ఇంకా ఇరవై రోజులుంది!"

"ఉండనీ అక్కా. పిల్ల వణుకుతోంది."

"అందరి పిల్లలూ వణుకుతున్నారు. ఇప్పుడు బయటికి తీసుకెళ్తే అది పది కూడా చెప్పదు. బతుకంతా తోకలో నడవాలి. నాకు తెలుసు ఆ బాధ."

"నాకూ భయంగానే ఉందక్కా," అంది గరిక. "తప్పు చేస్తున్నానేమో కూడా తెలియదు. కానీ ఏదో అవుతోందని అది నాతో కాక ఇంకెవరితో చెప్పుకుంటుంది? విన్నాక ఎలా వదిలేయను?"

గరిక కూతుర్ని తీసుకెళ్ళి గాలి వీచే బోడిగుట్ట మీద మూడు రోజులు పడుకోబెట్టింది. పాఠం ఊసు ఎత్తలేదు. నాలుగో రోజు ఇద్దరూ అడవిలో తిరుగుతూ ఒక్కో వాసన దగ్గరా ఆగి, దాని పేరు చెప్పుకున్నారు. ఉసిరికి కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. మందలో ఆడవాళ్ళంతా గరికను చూసి మూతి తిప్పుకున్నారు. చెంగలి అందరికన్నా ఎక్కువ తిప్పుకుంది.

ముప్పై అయిదో రోజున చెట్టు మీది కొండముచ్చు చెంగలిని పిలిచింది. దుప్పులకూ కొండముచ్చులకూ పాత నేస్తం. పైనుంచి అది పులిని చూసి అరిస్తే, కింద ఇవి పరిగెత్తుతాయి. దాన్ని అందరూ బొగ్గుమూతి మామ అనేవారు.

"చెంగలమ్మా, పొద్దున రేచుకుక్కలు కొండ వెనక కనిపిస్తే గొంతు చించుకుని అరిచాను. గుంటలో పిల్లలంతా లేచారు. నీ కొడుకు తలైనా ఎత్తలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పిల్లాడు సరిగ్గా లేడు. ఒకసారి చూసుకో తల్లీ."

"దాన్ని ఏకాగ్రత అంటారు మామా," అంది చెంగలి గర్వంగా. అయినా మనసు పీకి గుంట దగ్గరకు వెళ్ళింది.

మోదుగు తల్లిని చూడగానే లేచి వచ్చాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "అమ్మా, నిజం చెబుతున్నా. నాకు ఏ వాసనా రావడం లేదు. నీ వాసన కూడా రావడం లేదు. భయంగా ఉంది," అన్నాడు.

ఆ క్షణంలో చెంగలికి వాణ్ణి బయటికి తీసుకుపోదామనే అనిపించింది. కానీ ఇంకా అయిదు రోజులే ఉంది. ముప్పై అయిదు రోజుల కష్టం బూడిదలో పోసినట్టవుతుంది.

"తాత పేర్లే అడుగుతాడు నాన్నా, వాసన చూపించమనడు. పరీక్ష అయ్యాక చూద్దాం. నాలుగు రోజులు గాలి తగిలితే అదే వస్తుంది," అంది.

పరీక్ష రోజు తెల్లవారింది. చెంగలి కొడుకు ఒళ్ళంతా నాకి శుభ్రం చేస్తోంది. మోదుగు ఆమె మెడ కింద తల పెట్టాడు. పాలు తాగే రోజుల్లో అలా పెట్టేవాడు.

"అమ్మా, నేను ఈ ఏడు వెళ్ళను. వచ్చే వేసవికి చెబుతా. నువ్వు కాసేపు నా పక్కన పడుకో."

చెంగలికి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "ఏడేళ్ళు దుమ్ము తిన్నది ఈ మాట వినడానికా? నీ కోసం నేను కడుపు కాల్చుకోలేదూ? అందరి ముందూ నా తల దించుతావా?"

మోదుగు మెడ కింద నుంచి తల తీశాడు. "సరేలే అమ్మా. బాగానే ఉన్నాను. పద," అన్నాడు.

హమ్మయ్య, దారికొచ్చాడు అనుకుంది చెంగలి. పిల్లలు అలా ఒక్కసారిగా దారికొస్తే భయపడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరీక్షలో మోదుగు ఇరవై ఒకటీ చెప్పాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క తడబాటు లేదు. మోడుకొమ్ముల తాత సరదా పుట్టి, వెనక నుంచి చెప్పమన్నాడు. అలాగూ చెప్పాడు. మంద మందంతా కాళ్ళు నేలకేసి దడదడలాడించింది. ఉసిరి పద్నాలుగు చెప్పి, పదిహేనో దానికి నవ్వేసి, తోకలోకి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

"ఇవాళ్టి నుంచి మోదుగు ముందు నడుస్తాడు. తల్లి వాడి వెనకే నడుస్తుంది," అన్నాడు తాత.

ఏడేళ్ళ తర్వాత చెంగలి దుమ్ము లేని దారిలో నడిచింది. లేత గడ్డి నమిలింది. అంత తియ్యని గడ్డి తన జన్మలో తినలేదు. ముందు కొడుకు నడుస్తున్నాడు. చూసుకుని చూసుకుని మురిసిపోయింది.

ఎండ ఎక్కాక మంద ఏటికి బయలుదేరింది. ఇసుక మిట్ట దగ్గర ఆచారం ప్రకారం అందరూ ఆగిపోయారు. మిట్టకు ఇవతల గాలి తగలదు. మోదుగు ఒక్కడే పైకి ఎక్కాడు. ఏటి గాలి వాడి చెవుల్ని కదిలించింది. మిట్టకు అవతల, నీళ్ళ ఒడ్డంతా రెల్లు ఏపుగా పెరిగి ఉంది. అక్కడ చెట్లు లేవు కనుక బొగ్గుమూతి మామ కూడా లేడు.

మోదుగు ముట్టె ఎత్తి నిలబడ్డాడు. ఎంతసేపటికీ కాలు కొట్టలేదు, కిందికీ దిగలేదు. మంద దాహంతో కదలసాగింది. "ఏమిటి ఆలస్యం?" అన్నారెవరో.

మోదుగు వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు.

ఆ చూపు ఏమిటో మందలో ఎవరికీ తెలియదు. చెంగలికి తెలుసు. వాడికి గాలిలో ఏమీ తెలియడం లేదు. ఇప్పుడు ఆమె ఒక్క అరుపు అరిస్తే చాలు. "ఆగు నాన్నా, వెనక్కి వచ్చెయ్," అంటే చాలు. అంటే ఏమవుతుంది? మొదటి రోజే కొడుకుకు ముక్కు లేదని అందరికీ తెలుస్తుంది. ఇద్దరూ మళ్ళీ తోకలోకి పోతారు. రోజూ ఇక్కడ ఏముంటుంది, ఏమీ ఉండదు, ఈ ఒక్కరోజూ గడిస్తే రేపటి నుంచి వాణ్ణి గాలికి తిప్పుతాను అనుకుంది.

చెంగలి నవ్వుమొహం పెట్టి, దిగమన్నట్టు తల ఊపింది.

మోదుగు దిగాడు.

రెల్లు ఒక్కసారి కదిలింది. చిరుత ఎంతోసేపటి నుంచి అక్కడే ఉంది. దాని వాసన గాలి నిండా ఉంది. మోదుగు పాఠంలో అది మొట్టమొదటి వాసన. వాడు అరవను కూడా లేదు.

మంద చెల్లాచెదురైంది. పొద్దు వాలే వేళకు ఒక్కొక్కరే బోడిగుట్ట దగ్గర చేరారు. మోడుకొమ్ముల తాత వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై ఒకటీ చెప్పాడే! వెనక నుంచి కూడా చెప్పాడే! అంత దగ్గర వాసన ఎలా తెలియలేదు?" అన్నాడు. "పిల్లాడికి ఏమైనా బాగోలేదా? ఎవరికైనా చెప్పాడా?"

చెంగలి ఊరుకుంటే అంతా విధి అనుకుని, నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేవారు. ఆమెకూ ఊరుకోవాలనే అనిపించింది. కానీ ఆమె ముందుకు వచ్చింది.

"చెప్పాడు తాతా. వాసన రావట్లేదని నాకే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి పక్కన పడుకోమన్నాడు. పరీక్ష పోతుందని పడుకోలేదు. మిట్ట మీద నుంచి నన్ను చూశాడు. నాకు అర్థమైంది. అర్థమయ్యే దిగమన్నాను."

పేర్లు తప్ప ఏమీ అడగనిది తానేనని తాతకూ తెలుసు. గుంటలో పిల్లల్ని దింపిన తల్లులంతా తమ తమ పిల్లల దగ్గరకు వెళ్ళి, వాళ్ళ ముట్టెల ముందు నాలుగు ఆకులు పెట్టి, "ఇది ఏమిటి? ఇది తెలుస్తోందా?" అని అడగసాగారు. కొందరు పిల్లలు చెప్పారు. కొందరు తల అడ్డంగా ఊపి ఏడ్చారు. గరిక వచ్చి చెంగలి పక్కన నిలబడింది. చెంగలి వెళ్ళి ఏటి వైపు మొహం పెట్టి కూర్చుంది.

నీతి: బిడ్డ తనకు బాగోలేదని చెప్పినప్పుడు అప్పుడే వినాలి, పరీక్ష అయ్యాక వినడానికి బిడ్డ ఉండాలి కదా.