నక్క బావ అమ్మిన గంట

ఎర్రకోన అడవిలో జంతువులకి కొదవ లేదు. కుందేళ్లు, జింకలు, అడవిపందులు, ముంగిసలు, ఇంకా నాకు పేర్లు తెలియనివి బోలెడు. అందరి కాపురాలూ ముసురువాగు ఒడ్డున పల్లంలోనే. అక్కడ గడ్డి మెత్తన, నీళ్లు దగ్గర.

ఒక్కటే బెడద. ఆ వాగు చెప్పి రాదు. ఎక్కడో పై కొండల్లో వాన పడుతుంది. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్లు ఏనుగుల మందలా వచ్చి మీద పడతాయి!

అందుకని అడవి అంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకుంది. వాగు ఎగువన ఇప్పచెట్టుకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. అదే గంట. దానికి కొండముచ్చు తాత కాపలా. పైన నీళ్లు కదిలితే చాలు, తాత రాయి తీసుకుని ఠంగ్ ఠంగ్‌మని వాయిస్తాడు. ఆ మోత వినగానే అందరూ పిల్లల్ని తీసుకుని ఏనుగుబండ ఎక్కేస్తారు. గంట మోగితే నేనూ అందరికన్నా ముందే పరిగెత్తేవాణ్ణి. కాకపోతే నాది బడి వదిలే గంట.

ఆ అడవిలో ఒక నక్క ఉండేది. తెలివంతా తనకే రాసిచ్చారని దాని నమ్మకం. ఆ మధ్య ఏనుగుబండ మీద పందికొక్కు పాత ఇనుము కొట్టు పెట్టింది. ఇనుము తెస్తే బెల్లం ఇస్తుంది. అంతే! నక్క కళ్లకి అడవంతా ఇనుమే కనబడసాగింది.

ముందు, వాగు దాటేచోట పట్టుకునే గొలుసు మాయమైంది. అందరూ "అయ్యో" అన్నారు. అని, ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఒక మధ్యాహ్నం కొండముచ్చు తాత మబ్బులు చూసి వద్దామని కొండ మీదికి వెళ్లాడు. నక్క ఇప్పచెట్టెక్కి తాడు కొరికేసింది. పట్టా ముక్క చప్పుడు కాకుండా మోదుగాకులు చుట్టి, తీగ కట్టి ఈడ్చుకుపోయింది.

"అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది ముందు చూసినవాడిది" అని తనకి తానే తీర్పు చెప్పుకుంది.

పందికొక్కు ఆకులు విప్పింది. పక్కనున్న రాయి అందుకుంది. నక్క గబుక్కున అడ్డొచ్చింది.

"కొట్టకు మామా! నాకు చెవిపోటు!"

"కుండ కొన్నా కొట్టి చూసి కొంటామోయ్. ఇంత ఇనుము ఊరికే కొంటామా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. అందుకే నాలుగు దెబ్బలు ఎక్కువ కొడతా."

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

"ఆహా, ఏం సరుకు! ఈ మోత ఎక్కడో విన్నట్టుందే?"

"మంచి ఇనుమంతా ఒకేలా మోగుతుంది మామా."

"అదీ నిజమే" అంది పందికొక్కు. బేరం బాగుంటే దానికి అన్నీ నిజాలే.

నక్క బెల్లం అచ్చు పట్టుకుని పల్లానికి దౌడు తీసింది.

పల్లంలో ఏమైందంటారా? ఏమవుతుంది! గంట మోగితే ఏం చెయ్యాలో అదే జరిగింది. దుమ్ము లేచింది. జింకలు గెంతాయి. కుందేలు వదిన నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపి ముందుకు తోసింది. "నడవండి, నడవండి! తర్వాత ఏడుద్దురుగాని!"

సగం దారిలో నక్క ఎదురైంది.

"ఎందుకు వదినా ఈ పరుగు? ఆకాశం చూడు, మబ్బుతునక లేదు. అది ఉత్తుత్తి మోత."

అడవిపంది ఆగింది. "నిజమేనర్రా! మోత బండ మీంచి వచ్చింది. ఇప్పచెట్టు అటు కదా!"

జింకలూ ఆగాయి. కొందరు వెనక్కి తిరిగారు కూడా. కుందేలు పిల్లలు తల్లి ముఖంలోకి చూశాయి.

కుందేలు వదిన ఆయాసపడుతూనే అడిగింది. "ఉత్తుత్తి మోతని నీకెలా తెలుసు బావా?"

నక్క బెల్లం అచ్చు వెనక్కి దాచుకుంది. చెబితే దొంగతనం బయటపడుతుంది!

"తెలుసు... అంతే!"

"ఆ గంట అబద్ధం చెప్పగా నేనెన్నడూ వినలేదు. నువ్వు నిజం చెప్పగానూ వినలేదు. పదండర్రా పైకి!"

అందరూ పైకి ఉరికారు. "వెర్రి మొహాలు!" అనుకుంటూ నక్క ఇంటికి పోయి బెల్లం ముందు తీరిగ్గా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కొండముచ్చు తాత పైన నీళ్లు చూశాడు. ఒక్క ఉరుకున ఇప్పచెట్టు దగ్గరికొచ్చి రాయెత్తాడు. కొడదామంటే గంటేదీ? గొంతు చించుకుని అరిచాడు. వాగు హోరులో ఎవరికి వినబడుతుంది? "పిల్లలు పోయార్రా!" అని ఏడుస్తూ కొమ్మ కొమ్మా దూకుతూ వచ్చాడు. చూస్తే అడవి అంతా బండ మీదే ఉంది!

ఒక్క నక్క తప్ప. అది ముళ్లతుమ్మ కొమ్మ పట్టుకుని వరదలో వేలాడుతోంది. బెల్లం కరిగి వాగుపాలైంది. తాత తీగ విసిరి నక్కని పైకి లాగాడు.

"గంట మోగింది కదా బావా, ఎందుకు రాలేదు?" అంది కుందేలు వదిన.

"అది పందికొక్కు మామ బేరానికి కొట్టిన మోత కదా!" అనేసింది నక్క, వణుకుతూ.

అందరి తలలూ ఒక్కసారిగా కొట్టు వైపు తిరిగాయి. అక్కడ గంట! దాని పక్కనే గొలుసు!

"నాకేం తెలుసు? నేను కొన్నానంతే" అంది పందికొక్కు.

"కొనేవాడు లేకపోతే దొంగ ఆ ఇనుముని ఏం చేసుకుంటాడు మామా? అన్నంలో నంజుకుంటాడా?" అంది కుందేలు వదిన.

కొట్టులో బెల్లమంతా పరుగెత్తి అలిసిన పిల్లలకి పంచిపెట్టారు. గొలుసు వెనక్కి తీసుకున్నారు. వరద తగ్గాక, గంటని నక్క వీపునే ఇప్పచెట్టు దాకా మోయించారు. కుందేలు పిల్లలు తలో రాయి పట్టుకుని దారి పొడుగునా దాన్ని వాయిస్తూనే ఉన్నాయి.

నీతి: అందరి సొత్తు దొంగిలించి అమ్మినవాడు ముందుగా అమ్ముకునేది తన రక్షణనే.