చెలమలో మొదటి నాలుగు గుక్కలు

ఆ ఏడు ఎండలకి గుండ్లవాగు ఉత్త ఇసుకైపోయింది. రోజూ తెల్లారగానే ఏనుగమ్మ వచ్చి, కాలితో ఇసుక తవ్వి కొత్త చెలమ తీసేది. ఊట రాగానే నాలుగు గుక్కలు తనే తాగి పక్కకి తప్పుకునేది. తర్వాతే జింకలూ, కుందేళ్లూ, తక్కినవీ. ఆమె తాగుతున్నంతసేపూ వరసలో ఒక్క ప్రాణీ దగ్గేది కాదు. అడవికి ఆమె అంటే అంత గురి.

ఎగువ కొండ మీద ప్రాణులు దాహంతో అల్లాడుతున్నాయని కబురొచ్చింది. ఏనుగమ్మ వెళ్లక తప్పదు. మరి ఇక్కడి చెలమ ఎవరు చూస్తారు? మూడు రోజులు తన పని చూసి నేర్చుకోమని నక్కకీ దున్నకీ చెప్పింది. నాలుగో పొద్దున ఎవరు నిలబడితే పెద్దరికం వాళ్లదే.

పులిని చూసి వాతలు పెట్టుకున్న నక్క గుర్తుందా? మన నక్క ఆయన మునిమనవడే. పొద కింద కూర్చుని ఆమె నడక నేర్చాడు, తల ఊపు నేర్చాడు. తాగేటప్పుడు ఆమె ముఖం చిట్లించడం కూడా వదల్లేదు.

దున్న మాత్రం మోకాళ్లదాకా ఇసుకలో దిగి తవ్వుతూనే ఉంది. "చెలమలోకి వంగి చూశావా బావా?" అని ఒకసారి అడిగింది.

"రాణిగారి ముఖం చూడాలి గానీ గుంత ఎవడు చూస్తాడు? ఆ చిట్లింపు చూశావా, దాన్నే రాజసం అంటారు" అన్నాడు నక్క.

నాలుగో పొద్దున ఏనుగమ్మ పక్కన నిలబడి చూస్తుండగా దున్న తవ్వింది. నక్క తల ఊపుకుంటూ వచ్చాడు. వరస నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికే సగం దాహం తీరి, ఒక గుక్క నిండుగా లాగాడు.

నోటినిండా బురద. ముఖం చిట్లింది, ఈసారి నేర్చుకోకుండానే.

కుందేళ్లు కిసుక్కుమన్నాయి. అంతలోనే ఎందుకో ఆగిపోయాయి. ఒక జింకపిల్ల ఏనుగమ్మ వైపు తిరిగింది. "ఎండాకాలమంతా నువ్వు తాగింది ఇదేనా అమ్మా?"

"తొలి ఊట బురదే కదా తల్లీ. కరువులో నీళ్లు పారబోయడానికి నాకు తొండం రాలేదు."

వరసంతా తలలు వంచింది.

"ఇంకా ఎన్ని గుక్కలు?" నక్క గొంతు పీలగా వచ్చింది.

"మూడే బావా" అంది దున్న. నక్క అప్పటికే పొదల్లో ఉన్నాడు.

దున్న వంగి ఆ మూడూ తాగి, ముఖం చిట్లించి, పక్కకి తప్పుకుంది. అడుగున నీళ్లు తేటపడ్డాయి. జింకపిల్ల మూతి పెట్టింది. ఏనుగమ్మ ఇక వెనక్కి చూడకుండా కొండెక్కింది.

పెద్దల నడక నేర్చేముందు, వాళ్లు ఏం మింగుతున్నారో వంగి చూడాలి.